అద్దం చూపించని ముఖం

విజయవాడ చిట్టినగర్ వైపు నుంచో, మొగల్రాజపురం రోడ్డు మీద నుంచో తలెత్తి చూస్తే కొండ మీద ఇళ్లు కనిపిస్తాయి. ఒకరి డాబా మీద నుంచి ఇంకొకరి గుమ్మం మొదలవుతుంది. ఆ గుమ్మం నెత్తిన మరొకరి నీళ్ల ట్యాంకు ఉంటుంది. ఏది ముందుందో, ఏది వెనకుందో కంటికి వెంటనే తేలదు. నీలం గోడ, సున్నం గోడ, రేకుల కప్పు, సిమెంటు మెట్లు అన్నీ పెట్టెలు పేర్చినట్టు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. 1908లో జార్జ్ బ్రాక్ అనే యువ చిత్రకారుడు ఫ్రాన్సు దక్షిణ తీరంలోని ఎస్తాక్ అనే ఊళ్లో కొండవాలు మీది ఇళ్లను దాదాపు ఇలాగే గీశాడు. వాటికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. పలకలు పలకలుగా గోడలూ కప్పులూ మాత్రమే ఉన్నాయి. ఇతను అన్నిటినీ ఘనాలుగా మార్చేస్తున్నాడని లూయీ వోసెల్ అనే విమర్శకుడు ఎద్దేవా చేశాడు. ఆ వెక్కిరింతలోంచే క్యూబిజం అనే పేరు పుట్టింది. కొండకింద బడికి నడిచివెళ్లే బెజవాడ పిల్లలకు ఆ బొమ్మలోని దృశ్యం కొత్తదేమీ కాదు. పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల చేత తమ ముఖాన్ని తామే ఈ పద్ధతిలో, కంప్యూటర్ మీద చేయించడం బడిలో చోటివ్వదగిన పాఠమని ఈ వ్యాసం వాదన. అయితే కంప్యూటర్‌ని ఎలా వాడనిస్తామన్న దాని మీదే ఆ పాఠం విలువ ఆధారపడి ఉంటుంది.

ముందు క్యూబిజం అంటే ఏమిటో తేల్చుకుందాం. కెమెరా ఒక్క కన్నుతో, ఒక్కచోట నిలబడి, ఒక్క క్షణంలో చూస్తుంది. ఐరోపా చిత్రకళ కూడా 15వ శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు ఆ ఒక్కచోటి చూపునే నియమంగా పెట్టుకుంది. మనం మనిషిని అలా చూడం. ఎవరితోనైనా అయిదు నిమిషాలు మాట్లాడితే ఆ ముఖాన్ని ఎదురుగా, పక్కగా, తల వంచినప్పుడు, నవ్వినప్పుడు, చెయ్యి అడ్డం పెట్టుకున్నప్పుడు చూస్తాం. ఆ చూపులన్నీ కలిస్తేనే ‘ఫలానా మనిషి’ అన్న గుర్తు. పాబ్లో పికాసో, బ్రాక్ 1909 నుంచి 1912 వరకు దాదాపు జతకట్టి పనిచేసి, ఈ చూపులన్నిటినీ ఒకే గుడ్డ మీద పరిచారు. పికాసో 1910లో గీసిన చిత్రవర్తకుడు ఆంబ్రువాజ్ వొల్లార్ బొమ్మలో ముఖం అద్దం పగిలినట్టు చిన్న చిన్న పలకలుగా ఉంటుంది. రంగులు గోధుమ, బూడిద ఛాయలు దాటవు. అయినా ఆ బట్టతల, వాలిన కనురెప్పలు, బరువైన ముక్కు వొల్లార్‌వే. 1912 నాటికి ఇద్దరూ గుడ్డ మీద వార్తాపత్రిక ముక్కలు, గోడకాగితాలు అతికించడం మొదలుపెట్టారు. గీయడానికి తోడు కత్తిరించడం, అతికించడం కూడా చిత్రకళలో భాగమైంది. మన పాఠానికి అసలు కీలకం ఆ కత్తిరింపే.

ఇంత కఠినమైన కళ పిల్లలకెందుకన్న ప్రశ్న సహజం. పెద్దలకు కఠినంగా కనిపించే ఈ పద్ధతి చిన్నపిల్లలకు పుట్టుకతో దగ్గరిది. ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్ ఆన్రీ ల్యూకే 1927లో పిల్లల బొమ్మల మీద రాసిన పుస్తకంలో ఒక సంగతి గుర్తించాడు. పిల్లలు కంటికి కనబడేదాన్ని కాకుండా తమకు తెలిసినదాన్ని గీస్తారు. అందుకే పక్కముఖం గీసి దానికి రెండు కళ్లూ పెడతారు. ఇంటి గోడలోంచి లోపలి మంచం కనబడేలా గీస్తారు. 1972లో ఫ్రీమన్, జానికౌన్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల ముందు ఒక కప్పు పెట్టారు. దాని చెవి అవతలి వైపుకి తిప్పి ఉంది, పిల్లలకు కనబడదు. ఇటువైపు కప్పు మీద పువ్వు బొమ్మ మాత్రం కనబడుతోంది. చిన్నవాళ్లు కనబడని చెవిని గీశారు, కనబడే పువ్వును వదిలేశారు. చెవి లేనిది కప్పెలా అవుతుందన్నది వాళ్ల లెక్క. ఎనిమిదేళ్లు దాటినవాళ్లు చెవిని వదిలి, కనబడే పువ్వును గీశారు. అంటే వస్తువును అన్ని వైపుల నుంచీ తెలిసినదానిగా గీయడం చిన్నతనంలో సహజం. ఒక్కచోటి చూపు తర్వాత వచ్చి చేరే అలవాటు.

ఆ అలవాటు వచ్చే వయసులోనే ఒక నష్టం కూడా జరుగుతుంది. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే చిత్రకళా విద్యావేత్త 1947లో వెలువరించిన గ్రంథంలో, తొమ్మిది పన్నెండేళ్ల మధ్య పిల్లలు తమ బొమ్మను లోకంతో పోల్చి చూసుకోవడం మొదలుపెడతారని వివరించాడు. అంతవరకు ధైర్యంగా గీసిన పిల్ల అప్పటి నుంచి రబ్బరు పట్టుకుని కూర్చుంటుంది. గీసిన ముక్కు ముక్కులా లేదని చెరిపి, మళ్లీ గీసి, చివరికి ‘నాకు డ్రాయింగ్ రాదు’ అని తేల్చేసుకుంటుంది. మన బళ్లలో ఏడో తరగతికి వచ్చేసరికి ఈ మాట అనని పిల్లలు తక్కువ. ముఖం గీయమంటే ఆ భయం రెట్టింపవుతుంది. చెట్టు కొంచెం వంకరపోయినా చెట్టే. తన ముఖం వంకరపోతే పక్క బెంచీవాళ్లు నవ్వుతారు. క్యూబిస్టు స్వీయచిత్రం సరిగ్గా ఈ వయసులో పనికొచ్చే మందు. ‘అచ్చం నాలా ఉందా?’ అన్న ఒక్క ప్రశ్న ముందు పిల్ల ఓడిపోతుంటే, ఇది ఇంకో ప్రశ్న అందిస్తుంది: నాలో ఏది చూపించాలి, ఏ వైపు నుంచి చూపించాలి? మొదటి ప్రశ్నకు చేతివాటం కావాలి. రెండోదానికి చూడటం, ఎంచుకోవడం వస్తే చాలు.

ఇది పరాయి కళ, మన పిల్లలకు మన కళ నేర్పాలి గానీ పికాసో ఎందుకనే అభ్యంతరం ఇక్కడే వస్తుంది. దానికి జవాబు మన తోలుబొమ్మలోనే ఉంది. తోలుబొమ్మలో ముఖం చాలావరకు పక్కకి తిరిగి ఉంటుంది. కన్ను మాత్రం ఎదురుగా చూసినట్టు నిండుగా, చేపలా ఉంటుంది. భుజాలు ఎదురుగా ఉంటాయి, పాదాలు మళ్లీ పక్కకి తిరుగుతాయి. ఏ భాగం ఏ వైపు నుంచి బాగా తెలుస్తుందో ఆ వైపు నుంచి చెక్కి కలిపారు. లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల్లోనూ పక్కముఖాలకు పెద్ద కళ్లుంటాయి. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి చెందిన ఒక పతకశిల్పం ఇంకో అడుగు ముందుకేసింది. మదమెక్కిన నలగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ అది. ఒకే గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకచోట వీధిలో జనాన్ని తొక్కుతూ, ఇంకోచోట బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లుతూ ఉంటుంది. పైన మేడల మీంచి జనం తొంగిచూస్తుంటారు. దాదాపు 1800 ఏళ్ల కిందటి ఆ పతకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఒకే చట్రంలో ఒక ప్రాణి రెండుసార్లు కనబడటం ఆనాటి చూపరికి వింతగా తోచి ఉండదు.

అంతమాత్రాన క్యూబిజం మన దగ్గరే పుట్టిందని గొప్పలు పోవడం తప్పు. తోలుబొమ్మ చేసేవాళ్లు తరతరాలుగా వస్తున్న ఒక పద్ధతిని పాటించారు. అమరావతి శిల్పి కథ చెప్పడానికి కాలాన్ని కలిపాడు. బ్రాక్, పికాసో మాత్రం 400 ఏళ్ల నియమాన్ని తెలిసి తెలిసి పగలగొట్టారు. ఈ మూడూ ఒకటి కావు. ఈ తేడాను పిల్లలకు చెప్పడమే మంచి పాఠం. పికాసో 1907లో పారిస్‌లోని త్రొకాదెరో మ్యూజియంలో ఆఫ్రికా ముసుగులు చూసి కదిలిపోయాడన్నది కూడా చెప్పాలి. ఆ ముసుగులు చెక్కినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, వాటిని చూసి గీసినవాడి పేరు లోకమంతా తెలుసు. పిల్లలు తోలుబొమ్మ కన్నునో కలంకారీ తీగనో తమ బొమ్మలో వాడుకుంటే, అది ఎక్కడిదో ఎవరిదో బొమ్మ కింద ఒక వాక్యం రాయడం అలవాటు చేయాలి.

ఈ కృష్ణా డెల్టాకు కొత్త చిత్రకళతో మాటామంతీ కొత్తేమీ కాదన్నది కూడా గుర్తుంచుకోదగ్గదే. 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతోపాటు చేతిపనికీ చిత్రలేఖనానికీ చోటిచ్చారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోదకుమార ఛటర్జీ అక్కడ బొమ్మలు నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. బొమ్మ గీయడం చదువులో భాగమా అన్న చర్చను బందరు వందేళ్ల కిందటే తేల్చేసింది. అదే బెంగాల్‌లో గగనేంద్రనాథ్ ఠాగూర్ 1920ల మొదట్లో క్యూబిస్టు పద్ధతిలో మేడలు, మెట్లు, వెలుగునీడలు గీశారు. 1922లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఆయన్ని ‘భారతీయ క్యూబిస్టు’గా పరిచయం చేస్తూ వ్యాసం రాశారు. తర్వాత తెనాలి దగ్గరి తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ప్రపంచ చిత్రకళ గురించి తెలుగులో దశాబ్దాలపాటు రాశారు. గుడివాడలో పుట్టిన ఎస్.వి.రామారావు లండన్ స్లేడ్ స్కూల్లో చదివి, నైరూప్య చిత్రకారుడిగా పేరు తెచ్చుకుని, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. కాబట్టి గుడివాడ, తెనాలి, బందరు పిల్లలకు ఇది ఎక్కడో దూరదేశపు వింత అని చెప్పి పంపేస్తే, వాళ్ల ఊరి చరిత్రలోంచే ఒక ముక్కను దాచిపెట్టినట్టు అవుతుంది.

ఇక కంప్యూటర్ ఎందుకు, కాగితం, కత్తెర, జిగురు సరిపోవా అన్నది అసలు ప్రశ్న. సరిపోతాయి. బ్రాక్‌కి సరిపోయాయి. అయితే కాగితం మీద ఒకసారి కత్తిరిస్తే కత్తిరించినట్టే. పదకొండేళ్ల పిల్లకు ఆ భయం చాలు, కత్తెర ఆగిపోతుంది. కంప్యూటర్‌లో కంట్రోల్, జెడ్ నొక్కితే వెనక్కి వెళ్లవచ్చు. కన్నును పైకి జరిపి, తిప్పి, పెద్దది చేసి, నచ్చకపోతే మొదటికి రావచ్చు. ఒకే ముఖానికి పది కూర్పులు చేసి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. రెండోది లేయర్ల పద్ధతి. కన్ను ఒక పొర మీద, ముక్కు ఇంకో పొర మీద, నేపథ్యం అడుగు పొర మీద ఉంటాయి. ఏ పొరను కదిపినా మిగతావి చెదరవు. ఇది చెప్పడానికి ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం అక్కర్లేదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకు వేరే అచ్చు వాడతారు. అచ్చు మీద అచ్చు పడితేనే పువ్వు పూర్తవుతుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ చేసేవాళ్లు చేతులు, తల, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ముక్కలుగా ఆలోచించి మొత్తంగా కూర్చడం ఈ ప్రాంతానికి పాత విద్యే. లేయర్ అంటే ఏమిటో పెడన అచ్చును చేతికిచ్చి చూపిస్తే పిల్లలకు ఒక్క నిమిషంలో పడుతుంది.

ఫోటోలతో క్యూబిజం చేయవచ్చని చూపించినవాడు ఇంగ్లిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ. 1982లో అతను ఒకే మనిషిని కొద్దికొద్దిగా జరుగుతూ డజన్లకొద్దీ ఫోటోలు తీసి, వాటిని పక్కపక్కన అతికించాడు. ఆ బొమ్మల్లో ఒక ముఖానికి మూడు కళ్లు, ఒక మనిషికి నాలుగు చేతులు కూడా ఉండవచ్చు. అవన్నీ ఆ మనిషితో కాసేపు కూర్చున్నట్టు అనిపిస్తాయి. తర్వాత అతనే ఫోన్ మీద, ట్యాబ్ మీద వేలితో బొమ్మలు గీశాడు. పరికరం మారినా అతని ప్రశ్న మారలేదు: ఒకే చూపులో మనిషి ఇముడుతాడా? పిల్లలకు ఇచ్చే పాఠం కూడా ఈ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

తరగతిలో ఇది ఎలా సాగుతుందో చూద్దాం. అయిదారు పీరియడ్లు చాలు. మొదటి పీరియడ్‌లో కంప్యూటర్ తెరవకూడదు. ప్రతి పిల్ల చేతిలో చిన్న అద్దం, పెన్సిల్ ఉండాలి. ఎదురుగా ఒకసారి, తల పక్కకి తిప్పి ఒకసారి, గడ్డం దించి ఒకసారి తన ముఖాన్ని గీసుకోవాలి. బాగా రానక్కర్లేదు. చెవి ఎక్కడ మొదలవుతుందో, కనుబొమకీ కంటికీ మధ్య ఎంత చోటుందో చూస్తే చాలు. రెండో పీరియడ్‌లో అవే మూడు వైపుల నుంచి ఫోటోలు తీసి, జింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవాలి. అదీ లేకపోతే పెయింట్‌లో ఉన్న స్వేచ్ఛగా గీసి ఎంచుకునే పరికరం చాలు. కన్ను, ముక్కు, పెదవి, చెవి, జడ లేదా జుట్టు చుట్టూ తిన్నటి గీతలతో కత్తిరించాలి. వంపు గీతలు ఈ మొదటి బొమ్మకు నిషేధం. తిన్నటి అంచు ఉంటేనే ఒక ముక్క ఇంకో ముక్కతో కలిసే చోటు గురించి పిల్ల ఆలోచిస్తుంది. మూడో పీరియడ్ అంతా కూర్పు. ఒక కన్ను ఎదురు ఫోటోలోంచి, ముక్కు పక్కముఖంలోంచి రావాలన్నది ఒకటే షరతు. ఏది పెద్దది చేయాలి, ఏది వదిలేయాలి అన్నది పిల్ల ఇష్టం.

నాలుగో పీరియడ్ రంగులకు. ఇక్కడ మళ్లీ ఒక కట్టుబాటు పెట్టాలి: మూడే మూడు రంగులు. పికాసో, బ్రాక్ తమ తొలి ప్రయోగాల్లో రంగుల్ని దాదాపు పక్కన పెట్టింది ఆకారం మీద దృష్టి చెదరకూడదనే. పిల్లలకు లక్షల రంగుల పలక ఇస్తే పీరియడంతా రంగులు మార్చడంలోనే పోతుంది. మూడు రంగులూ ఎక్కడివో చెప్పమనాలి. కాలవ నీళ్ల బురద రంగు, కోతకొచ్చిన వరి రంగు, ఇంటి తలుపు రంగు అని చెప్పగలిగితే ఆ పిల్ల ఆ రోజు నిజంగా చూసినట్టే. అయిదో పీరియడ్‌లో అతికింపులు. బ్రాక్ తన బొమ్మల్లో అచ్చక్షరాలు పెట్టినట్టు, పిల్లలు తమ పేరులోని ఒక తెలుగు అక్షరాన్నో, బస్సు టికెట్‌నో, అమ్మ చీర అంచునో స్కాన్ చేసి చేర్చవచ్చు. తెలుగు అక్షరానికి గుండ్రటి ఒంపు ఉంది, తలకట్టు ఉంది. తిన్నటి పలకల మధ్య ఆ ఒంపు కూర్చుంటే బొమ్మ ఎక్కడిదో చెప్పకనే తెలుస్తుంది. నేపథ్యంలో కొండమీది ఇళ్లు గాని, పై నుంచి చూసిన ఏలూరు, బందరు, రైవస్ కాలవల గీతలు గాని రావచ్చు. ఊరిని కింద నుంచీ, ఇంద్రకీలాద్రి మెట్ల మీద నుంచీ చూసిన పిల్లకు రెండు చూపులూ ఒకే బొమ్మలో పెట్టడం కష్టం కాదు.

ముందు సరిగ్గా గీయడం వస్తే కదా విరగ్గొట్టడం అనేది చిత్రలేఖనం మాస్టార్ల అభ్యంతరం. పికాసో సైతం చిన్నప్పుడు నియమబద్ధంగా గీయడం నేర్చుకున్నవాడేనని వాళ్లు గుర్తుచేస్తారు. అది నిజమే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టే పిల్లలకు చేతివాటం తప్పనిసరి. ఆ సాధనకు బదులుగా ఈ పాఠం పెట్టమని ఎవరూ అనడం లేదు. అయితే చిత్రకారుడు కాబోయే పిల్లవాడు తరగతికి ఒకడో ఇద్దరో ఉంటారు. మిగతా నలభై మందీ ‘రాదు’ అన్న మాటతోనే బొమ్మల చదువు ముగించేస్తున్నారు. వాళ్లకు చేతివాటం రాలేదు సరే, చూడటం కూడా రాకుండా పంపడం న్యాయమా? పైగా అద్దంలో చూసి గీసిన మూడు పెన్సిల్ బొమ్మలు ఈ పాఠానికి పునాదిగా ఉన్నాయి. వాటిని వదిలేసి నేరుగా ఫోటోలతో మొదలుపెడితే మాస్టార్ల అభ్యంతరం పూర్తిగా సబబే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఫోన్‌లో ఒక్క మీట నొక్కితే ఏ ఫోటో అయినా పికాసో బొమ్మ అయిపోతుంది కదా, ఈ కష్టమంతా ఎందుకు? ఒక బొమ్మ శైలిని ఇంకో ఫోటో మీదికి ఎక్కించే పద్ధతిని 2015లో జర్మనీలో పరిశోధకులు చూపించారు. మరుసటి ఏడాదికే ప్రిస్మా అనే యాప్ ఆ పనిని కోట్లమంది చేతిలో పెట్టింది. ఇప్పుడు కృత్రిమ మేధకు ఒక వాక్యం చెబితే చాలు. అయితే ఆ యంత్రం చేసేది క్యూబిజం పైతొడుగు మాత్రమే. కన్ను రెండుసార్లు ఎందుకుండాలో దానికి అడిగే అవసరం లేదు, పిల్లకు చెప్పే అవకాశం లేదు. పాఠంలో పిల్ల సంపాదించేది చివరి బొమ్మ కాదు, దారిలో తీసుకున్న ముప్ఫై నలభై నిర్ణయాలు. మీట నొక్కితే ఆ నిర్ణయాలన్నీ ఎగిరిపోతాయి. లెక్కకు జవాబు వెనక పేజీలో చూసి రాసినట్టే ఇది కూడా. అందుకే ఈ పాఠానికి మార్కులు బొమ్మకు వేయకూడదు. పిల్లను తెర ముందు నిలబెట్టి, మూడు ముక్కలు చూపించి, ఇది ఎక్కడిది, ఎందుకిక్కడుంది అని అడగాలి. యంత్రం చేత చేయించుకొచ్చిన పిల్ల ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. సొంతంగా చేసిన పిల్ల చెప్పడం మొదలుపెడితే ఆగదు.

మార్కుల ఊరిగా పేరుబడ్డ విజయవాడలో దీనివల్ల ర్యాంకు వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. బొమ్మలు నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని కళాభిమానులు ఆశపెట్టడం మామూలే. ఆ ఆశ పెట్టకపోవడమే మంచిది. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ అనే పరిశోధకులు 2000లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గాలించి, కళల చదువు వల్లే చదువుల్లో మార్కులు పెరుగుతాయనడానికి చాలావరకు గట్టి ఆధారం లేదని తేల్చారు. వాళ్లిద్దరూ కళలకు శత్రువులు కారు. కళల విలువ వేరేచోట ఉందని, శ్రద్ధగా చూడటం, లేనిదాన్ని ఊహించడం, చేసిన పనిని మళ్లీ ఎత్తిచూసుకోవడం వంటి అలవాట్లలో ఉందని తర్వాత పుస్తకమే రాశారు. ముక్కను 30 డిగ్రీలు తిప్పినప్పుడు కోణం, అద్దంలోలా తిరగేసినప్పుడు సౌష్ఠవం పిల్లలకు తగిలే మాట నిజమే. దాన్ని ఎరగా చూపక్కర్లేదు. తను చేసిన పనికి కారణం చెప్పగలగడం ఏ ర్యాంకు కోసమో కాకుండా దానికదే నేర్వదగిన విద్య. 2020 జాతీయ విద్యావిధానం కళల్ని పాఠాలతో కలపమని చెబుతోంది కాబట్టి, టైంటేబుల్‌లో చోటు అడగడానికి మాస్టార్లకు ఆధారం కూడా ఉంది.

సౌకర్యాల మాట కూడా తేల్చుకోవాలి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. తర్వాత నాడు-నేడు పథకం కింద బాగుచేసిన బళ్లలో తరగతి గోడలకు పెద్ద తాకుతెరలు వచ్చాయి. అవి ఎక్కువగా వీడియో పాఠాలు చూడటానికి ఉద్దేశించినవి. అంటే పిల్ల కూర్చుని చూస్తుంది, తెర చెబుతుంది. అదే తెర మీద పిల్ల చేయి కదలాలంటే ఇలాంటి పాఠాలే కావాలి. ఒక్క కంప్యూటరే ఉన్న బడిలో పెద్ద తెర మీద ఒక ముఖాన్ని తరగతంతా కలిసి కూర్చి, మిగతావాళ్లు కాగితం, కత్తెరతో సొంతవి చేసుకోవచ్చు. ఫోటోల విషయంలో మాత్రం రాజీ ఉండకూడదు. పిల్లల ముఖాలు, ముఖ్యంగా ఆడపిల్లల ఫోటోలు ఎక్కడికి పోతాయోనన్న తల్లిదండ్రుల భయం సబబైనదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కాబట్టి అనుమతి తీసుకోవాలి, ఇంటర్నెట్‌తో పనిలేని సాఫ్ట్‌వేర్ వాడాలి, పాఠం అయ్యాక ఫోటోలు చెరిపేయాలి. ఫోటో వద్దనే ఇంటి పిల్ల తన పెన్సిల్ బొమ్మల్నే స్కాన్ చేసి ముక్కలు చేసుకోవచ్చు. ఆ బొమ్మ ఏ మాత్రం తక్కువ కాదు.

చివరి అభ్యంతరం ఇంట్లోంచే వస్తుంది. చక్కటి పిల్ల ముఖాన్ని ఇలా దిష్టిబొమ్మలా చేస్తారా అని ఏ అమ్మమ్మో అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ఆ పిల్ల ముఖాన్ని ఇప్పటికే రోజూ ఎవరో మారుస్తున్నారు. సెల్ఫీ తీయగానే ఫోన్ ఒళ్లు తెల్లబరుస్తుంది, మచ్చ చెరిపేస్తుంది, కళ్లు పెద్దవి చేస్తుంది, గడ్డం సన్నబరుస్తుంది. అడగకుండా, చెప్పకుండా అందరికీ ఒకే ముఖం తొడుగుతుంది. నల్లగా ఉన్న పిల్లకు నువ్విలా ఉండకూడదని చెప్పే ఆ మార్పు పెద్దలకు అందంగానే కనిపిస్తుంది. క్యూబిస్టు బొమ్మలో మార్పు అంతకంటే పెద్దది. అయితే అది పిల్ల తెలిసి, తన చేత్తో, కారణం చెప్పి చేసుకున్నది. అందులో ఒంటిరంగు ఆకుపచ్చ కావచ్చు, వరికంకుల పసుపు కావచ్చు. తెలుపు, నలుపుల తక్కెడే ఆ బొమ్మలో పనిచేయదు. గడ్డం కింది మచ్చను చెరపకుండా కన్నంత పెద్దది చేసి మధ్యలో పెట్టిన పిల్ల ఉంటే, ఆ పిల్లకు పాఠం పూర్తిగా అర్థమైనట్టే.

ఇది అర్థమైందో లేదో చూడటానికి చివరి పీరియడ్‌లో ఒక పరీక్ష పెట్టవచ్చు. బొమ్మలన్నీ ముద్రించి, కింద పేర్లు లేకుండా తరగతి గోడకు అంటించాలి. ఎవరి బొమ్మ ఎవరిదో మిగతావాళ్లు చెప్పాలి. పికాసో గీసిన వొల్లార్ బొమ్మను పెద్దలు తలా తోకా తెలియక చూస్తుంటే, ఒక స్నేహితుడి నాలుగేళ్ల కొడుకు చూసీ చూడగానే అది వొల్లారేనని చెప్పాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఏడో తరగతి గోడ దగ్గర కూడా అలాగే జరగాలి. ఎప్పుడూ ఒక పక్కకి జారే రిబ్బను, నవ్వితే మూసుకుపోయే ఒక కన్ను, ఆలోచించేటప్పుడు కొరికే పెన్ను మూత చూసి పక్క బెంచీ పిల్ల పేరు చెప్పేస్తుంది. పోలిక కోసం పాకులాడకుండా చేసిన బొమ్మలో పోలిక దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఎవరూ గుర్తుపట్టని బొమ్మలు కూడా ఒకటో రెండో మిగులుతాయి. వాటిని తీసేయకూడదు. నన్ను మీరు ఏ వైపు నుంచి చూడలేదో ఇప్పుడు చెబుతానని ఆ పిల్ల లేచి నిలబడటానికి, ఆ పీరియడ్‌లో ఇంకో పది నిమిషాలు మిగిల్చి ఉంచాలి.